వైద్యసేవయందు ఫలత్యాగ మెట్టిది?

శ్రీకాకుళ మండలమునకు వచ్చు యాత్రికుడు అరసవల్లిలో సూర్యనారాయణమూర్తిని దర్శించి ఆరోగ్యము వేడుకొనును. పిదప సముద్రతీరము దిక్కుగ సాగి శ్రీకూర్మమున కూర్మనాథుని సేవించును. ఈ రెండు దర్శనములను ఒక్కనాడు చేసినవారికి క్షీరసాగరమథన వృత్తాంతము స్మృతికి రాక మానదు. వైద్యవిద్యకు మూలపురుషుడగు ధన్వంతరి అమృతకలశము చేబూని వెలువడినది ఆ మథనముననే గదా! దేవదానవులు వాసుకిని పట్టి చిలుకుచుండగా, మందరగిరి క్రుంగిపోకుండ వీపున నిలిపినవాడు కూర్మరూపుడగు శ్రీమన్నారాయణుడు. చిలికినవారు అందరికిని కనబడిరి. మోసినవాడు నీటి యడుగున నుండెను. కలశము వెలికి వచ్చువరకు ఆయన కదలలేదు.

ఈ కథను మనసున నుంచుకొని, నేటి వైద్యసేవలను గూర్చిన యొక ధర్మసందేహమును విచారింతము.

ఆలయప్రాంగణములయందును, ఉత్సవసమయములయందును భక్తసమాజములవారు ఉచిత వైద్యశిబిరములను, దంతవైద్యశిబిరములను నడుపుచున్నారు. పట్టణములనుండి డాక్టర్లు తమ సెలవుదినమును వదలుకొని వచ్చుచున్నారు. విద్యార్థులు వరుసలు తీర్చుచున్నారు. గృహిణులు వచ్చినవారికి మంచినీరు, ప్రసాదము అందించుచున్నారు. ఇదియంతయు మెచ్చదగినదే. అయితే ఇట్టి సేవకుల నోట రెండు మాటలు తరచుగ వినవచ్చుచుండును. "వీరి కెంత చెప్పినను వినరు, చేతులార తెచ్చుకొన్న రోగములివి, వీరికి చేయునది అపాత్రదానము గాదా?" అనునది మొదటిది. "మేము ఫలాపేక్ష లేక చేసితిమి, నయమగుటయు కాకుండుటయు భగవంతుని చేతిలోనిది" అనునది రెండవది. మొదటి మాట కటువుగ నుండును. రెండవది భక్తివలె నుండును. నా దృష్టిలో రెండవదియే యెక్కువ విచారింపదగినది. ఐనను వరుసలో మొదటిదానిని ముందు చూతము.

చేతులార తెచ్చుకొన్న రోగమనగానే ఈ ప్రాంతమువారికి తోచునది అడ్డపొగ. తీరగ్రామములయందు, ముఖ్యముగ మత్స్యకార కుటుంబముల స్త్రీలలో, చుట్టను నిప్పు నోటిలోపల నుండునట్లుగ పెట్టి కాల్చు అలవాటు తరతరములుగ వచ్చినది. చేపలగంప నెత్తిన పెట్టుకొని గాలిలో నడచునపుడు నిప్పు ఆరదనియు, బూడిద రాలదనియు, చుట్ట చాలసేపు వచ్చుననియు వారు చెప్పుదురు. తల్లిని చూచి కూతురును, అత్తను చూచి కోడలును నేర్చుకొనిరి. ఆ వేడిమియు పొగయు నిత్యము తగులుటచేత అంగిలి తెల్లబారి, గరుకెక్కి, కొందరిలో పుండుపడి క్యాన్సరుగ పరిణమించును. ఈ అలవాటునకును అంగిటి క్యాన్సరునకును గల సంబంధమును విశాఖపట్టణపు వైద్యులు 1957 నాటికే గుర్తించి ప్రకటించిరి.

ఆపై 1960ల చివరిభాగమున బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు, డాక్టరు ఫాలీ మెహతా ప్రభృతులు, డెన్మార్కు దేశపు ఆచార్యుడు యెన్స్ పిండ్‌బోర్గ్ సహకారముతో శ్రీకాకుళం జిల్లా గ్రామములకు వచ్చిరి. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడినది కనుక, బొబ్బిలి, చీపురుపల్లి ప్రాంతములు అప్పుడు శ్రీకాకుళములోనివే. ఆ వైద్యులు ఇల్లిల్లు తిరిగి 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించిరి. నూటికి సుమారు 44 మంది అడ్డపొగ కాల్చువారని తేలినది. ఆ ఫలితములు 1971లో ఒక బ్రిటిషు క్యాన్సరు పత్రికలో వెలువడినవి. దంతవైద్యుడనగా రోగి తన కుర్చీ వద్దకు వచ్చువరకు వేచియుండువాడని మనము తలంతుము. వీరు గుడిసె గుమ్మములో వంగి, చేత దీపము పట్టుకొని, పరులు చూడ నొల్లని నోటిలోనికి చూచిరి. ఆ చూపులోనే కొంత సేవ యున్నది.

ఇక పాత్రత మాట. సాత్త్వికదానమునకు దేశము, కాలము, పాత్రము అను మూడింటిని భగవానుడు గీత పదునేడవ అధ్యాయమున చెప్పియున్నాడు. పూర్వపక్షి ఈ మూడవదానిని పట్టుకొనును. కాని పాత్రత ఇచ్చు వస్తువునుబట్టి మారునది. గ్రంథమునకు చదువగలవాడు పాత్రము. గోవునకు మేపగలవాడు పాత్రము. అన్నమునకు ఆకలిగొన్నవాడు పాత్రమని మన పెద్దలు వేరుగ చెప్పనక్కర లేకుండ ఆచరించి చూపిరి. మధ్యాహ్నవేళ ఆకలితో గుమ్మము ముందు నిలిచినవానిని శీలమేమని యడుగు గృహస్థు లేడు. ఔషధమును అట్టిదే. రోగమే అచ్చట పాత్రత. చుట్ట కాల్చుట ఆమె అపాత్రతకు హేతువని వాదించుట, ఆకలియగుటయే అన్నమునకు అనర్హత యని వాదించుట వంటిది.

"ఆమె కర్మ ఆమెది" అందురు కొందరు. కర్మసిద్ధాంతమును ఒరులపై ప్రయోగించుట మనలో ఎప్పుడు బలపడినదో గాని, అది శాస్త్రహృదయము గాదు. తనకు కష్టము వచ్చినపుడు దైవమును దూషింపక, పరులను నిందింపక ఓర్చుకొనుటకు అది సాధనము. ఎదుటివాని పుండు చూచి ముఖము త్రిప్పుకొనుటకు సాధనము గాదు. కూరేశుల వృత్తాంతము వైష్ణవగృహములలో ఎరుగనివారు లేరు. కన్నులు పోగొట్టుకొన్న ఆ మహానుభావుడు, ఆచార్యాజ్ఞపై కాంచీ వరదుని సన్నిధిని నిలిచి వరము వేడినపుడు, తన యాపదకు కారకుడైన నాలూరానునికి తనతోపాటు మోక్షము కావలెనని కోరెనని గురుపరంపర చెప్పుచున్నది. ఆ పరంపరలో చేరినామని చెప్పుకొను మనము, సముద్రపుటొడ్డున చలిగాలికి చుట్ట ముట్టించిన ముదుసలి యర్హతను తూచుటకు త్రాసు పట్టుట వింతగాదా?

మొదటి మాటను గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు. రెండవ మాటకు వత్తము.

ఫలాపేక్ష లేక చేయుట గీతోపదేశసారమే. భగవద్రామానుజులు గీతాభాష్యమున పదునెనిమిదవ అధ్యాయము నారంభమందు త్యాగమును మూడువిధములుగ వివరించిరి. ఫలము నాదని తలపకుండుట, కర్మ నాదని తలపకుండుట, కర్తను నేనని తలపకుండుట. మూడు చోట్లను విడువవలసినది "నాది, నేను" అను భావమే. కర్మను సగములో విడుమనిగాని, దానివలన ఎదుటివానికి కలుగవలసిన మేలు కలిగినదా లేదా యని చూడవద్దనిగాని ఎచ్చటను లేదు.

ఇచ్చట మీమాంసకుల యజ్ఞప్రక్రియను దృష్టాంతముగ గ్రహింపవచ్చును. యజ్ఞమున ఋత్విక్కులు కర్మ చేయుదురు. ఫలము యజమానునిది. స్వర్గము తనకు రాదు గదా యని అధ్వర్యుడు ఒక ఆహుతిని విడుచునా? హోత మంత్రమును మ్రింగునా? విడిచినచో ప్రాయశ్చిత్తము విధింపబడియున్నది. ఫలము పరునిది గనుకనే ఋత్విక్కునకు అంగలోపము చేయు స్వాతంత్ర్యము లేదు. తన సొమ్ము పోగొట్టుకొన్నవానిని లోకము జాలితో చూచును. తనయొద్ద దాచిన పరుల సొమ్ము పోగొట్టినవానిని అట్లు చూడదు.

వైద్యశిబిరమున యజమానుడు రోగి. డాక్టరును, నర్సును, వరుస తీర్చు కుర్రవాడును ఋత్విక్కులు. "ఋత్విక్కునకు దక్షిణ గలదు, మాకు లేదు గదా" యని యెవరైన నందురేమో. సరియే, విడువవలసిన ఫలము ఆ దక్షిణయే. పూలదండ, వేదికపై ఆసనము, పత్రికలో ఫొటో, రోగి చేతులెత్తి పెట్టిన నమస్కారము, "నేను సేవ చేసితిని" అని రాత్రి నిద్రకు ముందు కలుగు సంతృప్తి, ఇవియన్నియు సేవకుని దక్షిణలే. వీనిని విడుచుట ఫలత్యాగము. రోగి నొప్పి తగ్గినదా, పుండు మానినదా యనునది రోగి ఫలము. దానిని త్యజించుటకు మనకు అధికారము లేదు, అది మనది గాదు. దక్షిణను ఉంచుకొని యజమానుని ఫలమును త్యజించుట తలక్రిందులైన త్యాగము. మన శిబిరములలో కొన్నింటిలో జరుగుచున్నది అదియే యని చెప్పుటకు చింతించుచున్నాను.

దంతవైద్యమునే చూడుడు. పుచ్చిన పన్నును పీకుట కొద్దిసేపటి పని. అదే పన్నును నిలుపవలెనన్నచో లోపలి కుళ్లును తీసి, వేరులోని మార్గమును శుభ్రపరచి, నింపి, పైన తొడుగు వేయవలెను. దానికి తరచుగ రెండు మూడు మారులు రావలసియుండును. ఒక్క దినపు శిబిరమున ఎక్కువగ పీకుటయే జరుగుచున్నదనిన, ఆ పండ్లన్నియు నిలుపరానివని యర్థము గాదు. వైద్యుడు మరల రాడు గనుక పన్ను పోవుచున్నది. నలువది యేండ్ల కూలిమనిషికి పట్టణవాసి వలె కట్టుడుపండ్లు వచ్చు ఆశ తక్కువ. ఆ పన్ను పోయినది పోయినట్లే.

పీకిన పిదప చెప్పవలసినవి మరికొన్ని యున్నవి. గాయముపై పెట్టిన దూదిని కొంతసేపు గట్టిగ కరచి పట్టుకొనవలెను. ఆ దినమంతయు పుక్కిలింపరాదు, ఉమ్మివేయుచుండరాదు. గడ్డకట్టిన నెత్తురే గాయమునకు మూత. పొగ త్రాగినచో ఆ మూత చెడి, కొన్ని దినములకు ఎముకలో భరింపరాని సలుపు పుట్టును. రక్తమును పలుచబరచు మాత్రలు మ్రింగువారి విషయమున మరింత జాగ్రత్త వలయును. ఇవి యన్నియు వైద్యుడు చెప్పును. కాని రెండువందల మంది వరుసలో నున్నపుడు ఎంత నిదానముగ చెప్పగలడు? అచ్చటనే స్వచ్ఛంద సేవకుని పని. ఒక్కొక్కరిని ప్రక్కన కూర్చుండబెట్టి వారి మాటలోనే చెప్పి, వారిచేత మరల చెప్పించుట. రాత్రి నెత్తురు నిలువనిచో ఎవరిని పిలువవలెనో వ్రాసి యిచ్చుట. శిబిరపు జీపు సాయంకాలము పోయిన పిదప ఆ ఊరిలో మిగులునది ఆ చీటీయే.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. నేటి స్వచ్ఛంద సేవకుడు మూడవ పాదము. అతనికి నాలుగు గుణములు వలయునట. ఉపచార విషయమున తెలివి, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము. ఆ వరుసను గమనింపుడు. మనము మొదట పెట్టునట్టి అనురాగమును చరకుడు మూడవ స్థానమున నుంచెను. తెలివి లేని అనురాగము రోగికి ఏమి చేయునో చూచినవాడే అట్లు వ్రాయగలడు. శుచిత్వమనగా స్నానము, తిలకధారణము మాత్రమే గాదు. ఒకరి నోటిలో పెట్టిన పనిముట్టును ఆవిరి యంత్రమున శుద్ధిచేయక వేరొకరి నోట పెట్టినచో కామెర్ల వంటి రోగములు సంక్రమించును. మడి గట్టిగ పాటించు మన ఇండ్లలో ఈ మాట వెంటనే బోధపడవలెను.

తెలివి లేని అనురాగమునకు ఉదాహరణము దూరము పోనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా ఉత్తరభాగమున ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములను ఉద్దానమందురు. కొబ్బరియు జీడిమామిడియు పండు పచ్చని నేల. అచ్చట ఎన్నో యేండ్లుగ మూత్రపిండముల వ్యాధి అసాధారణముగ ప్రబలియున్నది. మధుమేహము, రక్తపుపోటు లేని రైతులకును కూలీలకును వచ్చుచున్నది. పరిశోధనలు చాల జరిగినను కారణమింకను నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము నుండి వంశధార నీటిని ఆ గ్రామములకు అందించు పథకమును అప్పుడే ప్రారంభించిరి.

ఇట్టి నేలపై శిబిరము పెట్టి, పన్ను పీకి, "నొప్పికి వేసికొనుడు" అని మాత్రల అట్టలు పంచినచో ఏమగును? ఒంటినొప్పులకు వాడుకలోనున్న మాత్రలలో పెక్కు మూత్రపిండములకు హాని చేయునవి. ఆరోగ్యవంతుడు ఒకటి రెండు మ్రింగిన పరవాలేకపోవచ్చును. అప్పటికే మూత్రపిండములు దెబ్బతిన్నవానికి అవి ఉన్న బలమును గూడ హరించును. ఉద్దానమున మాత్ర ఇచ్చుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి గలదు, "మీకు రక్తపరీక్ష చేయించిరా, క్రియాటినిన్ ఎంత యున్నది?" అని. చదువురాని కూలీ గూడ ఆ ప్రాంతమున ఆ మాటను ఎరుగును. ఎరుగక వచ్చునది మనమే.

మరియొకటి. రోగిని చూడబోవునపుడు అరటిపండ్లు, కొబ్బరిబొండము కొనిపోవుట మన ఆచారము. డయాలిసిస్ చేయించుకొనువారి శరీరము పొటాషియమును, నీటిని వెలికి పంపజాలదు. అరటిపండును కొబ్బరినీరును ఆ లవణముతో నిండినవి, అది రక్తమున హెచ్చినచో గుండె ఆగవచ్చును. తన తోటలో కాసిన కొబ్బరిబొండమును తాను త్రాగరాని స్థితి ఆ రైతుది. మనము ప్రేమతో, భగవన్నామస్మరణ చేయుచు, దానినే అతని చేతిలో పెట్టుదుము. అతడు మొగమాటమున త్రాగును. తులసీతీర్థము ఒక్క ఉద్ధరిణెడు చాలును. దోషము అనురాగమున లేదు, అడుగకపోవుటయందున్నది.

మరల అడ్డపొగ కథకు వత్తము, అది సగమే చెప్పితిని. ఆ దంతవైద్యులు నోళ్లు చూచి, లెక్క వ్రాసికొని, వెడలిపోలేదు. 1970ల చివరిభాగమున ఎర్ణాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలో కలిపి సుమారు 36,000 మంది పొగాకు వాడుకరులను ఎంచుకొని, ఏటేట మరల వారి యిండ్లకే వచ్చి, మరల నోరు చూచి, మరల మానుమని చెప్పిరి. ఒంటరిగ మాటాడిరి, సినిమా ప్రదర్శనలవంటి ప్రచారసాధనములను గూడ వాడిరి. అయిదు సంవత్సరముల ఫలితము 1986లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటితమైనది. ఇట్టి బోధ లేనివారితో పోల్చగా, పొగాకు మానినవారు, తగ్గించినవారు హెచ్చిరి. నోట తెల్లమచ్చలు పుట్టుట తగ్గినది. "ఎంత చెప్పినను వినరు" అనువారు ఈ వృత్తాంతమును మనసున పెట్టవలెను. వినరనుటకు ముందు ఎన్నిమారులు చెప్పితిమి? ఒక్కమారు మైకులో చెప్పుట చెప్పుట యగునా? అయిదేండ్లు వరుసగ వచ్చిన వైద్యుని మాట విన్నవారు అనేకులు గలరు. విననివారి యింటికిని ఆయన మరుసటి యేడు వచ్చెను. ఆ వైద్యులు గీత చదివిరో లేదో నేనెరుగను. ఫలత్యాగమనిన నాకు తోచు రూపము మాత్రము అదియే.

మన పూర్వులు ఈ విషయమును గుర్తించియే యుందురు. కాంచీపురమునకు సమీపమున తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ల ఆలయమున వీరరాజేంద్ర చోళుని కాలపు శాసనమొకటి గలదు, క్రీ.శ. 1069 ప్రాంతమునాటిది. ఆ విష్ణ్వాలయమున 15 పడకల ఆతురశాల నడచినది. వైద్యునికి, శస్త్రచికిత్సకునికి, మూలికలు తెచ్చువారికి, పరిచారికలకు ఎంతెంత ధాన్యమో శాసనము చెప్పుచున్నది. ఏడాదికి నిలువ యుంచవలసిన ఔషధముల పట్టికయు రాతిపై చెక్కబడినది. తెలుగునేలపై గుంటూరు మండలపు మల్కాపురమున 1261 నాటి శాసనము ఆరోగ్యశాలకును ప్రసూతిశాలకును భూమి కేటాయించినది. ఉత్సవమునాడు మందు పంచుటకు శిల్పిని పిలిపించి రాతిపై చెక్కింప నక్కరలేదు. రేపును, మరుసటి యేడును, తమ తరువాతను నడువవలెననుకొన్నవారే చెక్కింతురు.

మాకు రాజులవలె మాన్యములు లేవు, ఒక్కదినమునకే సొమ్ము చాలును అని శిబిరనిర్వాహకులు అనవచ్చును. అట్లయిన పది ఊళ్లకు ఒక్కొక్కమారు పోవుట మాని ఒక ఊరికి పదిమార్లు పోవుట మేలు. రెండవమారు వచ్చు తేదీ నిశ్చయించిన పిదపనే మొదటి తేదీ ప్రకటింపవలెను. మొదటిమారు వ్రాసికొన్న పేర్ల పుస్తకమును రెండవమారు వెంట తేవలెను, రానివారి యింటికి మనిషి పోవలెను. దీనికి డాక్టరు పట్టా అక్కరలేదు. భజనగోష్ఠిలో తాళము వేయగలిగినవారందరును చేయగలరు. అడ్డపొగ కాల్చు స్త్రీ అంగిట పుండు కనబడినపుడు "విశాఖపట్టణమున హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి గలదు, అచ్చటికి పొమ్మని చెప్పితిమి" అని పుస్తకమున వ్రాసి ముగింతురు. ఆమె యొంటరిగ అంత దూరము పోయి, అక్కడి వరుసలో తన పేరు చెప్పుకొనగలదా? ఆమెతో ఎవరు పోవుదురు? ఆ దినము ఆమె చేపలగంప ఎవరు అమ్ముదురు? శిబిరమునకు ముందు జరుగు సమావేశమున టెంటు, మైకు, భోజనములు మాటాడుకొను వేళ ఈ రెండు ప్రశ్నలను గూడ ఎవరైన లేచి యడిగి, పేర్లు వ్రాయింపవలెను.